అందరి ముందు ఒప్పుకుంటేనే స్వస్థత వస్తుందా? యాకోబు 5:16 గురించి అడుగుతున్నాను

నకిరేకల్ కోడలు (శుక్రవారం, రాత్రి 10:40)

అందరికీ వందనాలు. నాకు మెడకు కుడి పక్కన గడ్డ లేచింది. రెండు నెలల కింద సూది పెట్టి పరీక్ష చేసి టీబీ గడ్డ అన్నారు. ఆరు నెలలు గోలీలు వేసుకోవాలన్నారు. వేసుకుంటున్నాను. మొదట తగ్గింది, సంతోషపడ్డాను. ఇరవై రోజుల నుంచి మళ్లీ పెరిగింది, ముట్టుకుంటే నొప్పి.

ఈ రోజు మా ఉపవాస ప్రార్థనకు బయటి ఊరి నుంచి ఒక దైవజనుడు వచ్చారు. నా తల మీద చేయి పెట్టి, "అమ్మా, నీలో దాచిన పాపం ఉంది. సంఘం ముందు ఒప్పుకోకపోతే ఏ మందూ పని చేయదు" అన్నారు. వచ్చే శుక్రవారం నిలబడి చెప్పాలట. గోలీల సంగతి అడిగితే, "నీ నమ్మకం గోలీల మీదనా, దేవుని మీదనా?" అన్నారు. యాకోబు పత్రికలో "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి, మీరు స్వస్థత పొందునట్లు ఒకనికొరకు ఒకడు ప్రార్థన చేయుడి" అన్న వచనం చదివి వినిపించారు.

ఆయన అన్నది అబద్ధమని నేను చెప్పలేను. దాచింది ఉంది. మా అత్తమ్మ చనిపోయి మూడేళ్లు కావస్తోంది. ఆఖరి రెండు నెలలు మంచంలో ఉంటే నేనే చూసుకున్నాను. ఆమె గుండ్ల దండ, తులంన్నర, నా పెట్టెలో ఉంది. ఆమె ఇవ్వలేదు, నేను తీశాను. ఆ తర్వాత దండ ఏదని అందరూ వెతుకుతుంటే నోరు తెరవలేదు. నేరం మా యారాలి మీదికి పోయింది. పిల్లల మీద ఒట్టు పెట్టి ఏడ్చింది, ఎవరూ నమ్మలేదు. ఆ రోజు నుంచి రెండిళ్లకు మాటల్లేవు.

ఇది సంఘమంతటి ముందు చెప్పాలా? చెబితే గడ్డ పోతుందా? గోలీలు ఆపాలా? నిద్ర పట్టడం లేదు. ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు నర్సు (శుక్రవారం, రాత్రి 11:05)

చెల్లీ, మిగతావి పెద్దలు చెబుతారు. నేను ఒక్క సంగతి చెప్పి పడుకుంటాను. ఈ రాత్రి గోలీ వేసుకోలేదంటే లేచి వేసుకో.

పంతొమ్మిదేళ్లుగా టీబీ పేషెంట్లను చూస్తున్నాను. మెడ గడ్డల టీబీలో కొందరికి మందు వాడుతుండగానే గడ్డ మళ్లీ పెరుగుతుంది, నొప్పి పెడుతుంది. చచ్చిన క్రిముల మీద ఒంట్లోని రక్షణ శక్తి ఒక్కసారిగా తిరగబడటం వల్ల అలా జరుగుతుంది. మందు పని చేయలేదని దానర్థం కాదు, పాపమనీ కాదు. అయినా ఇంట్లో కూర్చుని నేను చెప్పినదాన్ని బట్టి ఊరుకోకు. సోమవారం పోయి డాక్టర్‌కు మెడ చూపించు. అరుదుగా మామూలు మందుకు లొంగని మొండి టీబీ కూడా అయి ఉండొచ్చు, అది వాళ్లే తేల్చాలి.

మధ్యలో ఆపితే బతికి ఉన్న క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. అప్పుడు ఆరు నెలల్లో పోయేది ఇంకా బరువైన మందులకు పోతుంది. ప్రార్థన చేయించుకుని, "నాకు నయమైంది" అని సాక్ష్యం చెప్పి, గోలీలు పక్కన పెట్టిన ఒక తల్లిని నేను చూశాను. తిరిగి వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఆ తల్లి విశ్వాసంలో లోపం లేదు. ఆమెకు తప్పు చెప్పారు.

మూత్రం ఎర్రగా వస్తే భయపడకు, అది ఆ గోలీ రంగే. టీబీ పేషెంట్లకు ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పథకం కింద నెలకు 1000 రూపాయలు తిండికి వస్తాయి, వస్తున్నాయో లేదో ఆశ అక్కను అడుగు. గుడ్లు తిను.

దేవరకొండ పెద్ద (శనివారం, ఉదయం 5:50)

అమ్మా, వందనాలు. నర్సమ్మ చెప్పిందే ముందు చెయ్యి. ఇక వాక్యం సంగతి.

నేను సంఘపెద్దగా ముప్పై ఏళ్లు నూనె సీసా పట్టుకుని ఇళ్లకు తిరిగాను. యాకోబు రాసినదాన్ని వరసగా చదువు, 14వ వచనం నుంచి. రోగి ఏం చెయ్యాలి? సంఘపు పెద్దలను పిలిపించాలి. పిలిచేది రోగి, వచ్చేది పెద్దలు. ఒక్కరు కాదు, పెద్దలు. నిన్ను ఎరిగినవాళ్లు, రేపు కూడా ఆ ఊళ్లోనే ఉండేవాళ్లు. ఒక పూట వచ్చి పోయే బోధకుడిని పిలవమని అక్కడ లేదు. జనం ముందు నిలబెట్టమనీ లేదు. మంచం దగ్గరికి వచ్చి, నూనె రాసి, ప్రభువు పేరట ప్రార్థన చెయ్యాలి.

15వ వచనంలో "అతడు పాపములు చేసినవాడైతే" అని ఉంది. ఆ "అయితే" మీద వేలు పెట్టు. రోగం ఉంది కాబట్టి పాపం ఉందని యాకోబు అనలేదు. పాపం కూడా ఉంటే అదీ క్షమించబడుతుంది అన్నాడు. ఆ తర్వాతే 16లో ఒకనితో ఒకడు ఒప్పుకోండి, ఒకనికొరకు ఒకడు ప్రార్థించండి అన్నాడు. నువ్వు నాకు చెబితే రేపు నేనూ నీకు చెప్పగలగాలి. ఒకరు ఎత్తులో కూర్చుని ఇంకొకరు నేల మీద నిలబడే పద్ధతి కాదది.

మందు సంగతికి వస్తే, హిజ్కియా రాజుకు పుండు లేచి చావుకు దగ్గరపడ్డాడు. ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఇచ్చినాక కూడా యెషయా ప్రవక్త ఏమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే కట్టు కట్టించాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఆ పౌలే త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచిపెట్టి వచ్చాను అని రాశాడు. త్రోఫిము పాపం దాచాడని రాయలేదు.

మా ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లు కూడా అట్లాగే వచ్చారు. మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం పంపిన డాక్టర్ కాథరినా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో, మా దేవరకొండలో, ఆ తర్వాత శంషాబాద్‌లో రోగులను చూసింది. 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూసింది. ఒక చేతిలో బైబిల్, ఒక చేతిలో మందు పట్టుకున్నవాళ్ల సంఘాలివి. ఇప్పుడు ఆ రెంటికీ మధ్య మనమే గోడ కడుతున్నాం. నాకు బాధ అనిపిస్తుంది.

దండ సంగతి మాత్రం దాటిపోను. అది నిజమైన పాపం. దానికి వేరే రాస్తాను, పొలం పోయి వచ్చి.

కల్వకుర్తి తమ్ముడు (శనివారం, ఉదయం 9:15)

అక్కా, పెద్దలను గౌరవిస్తూనే ఇంకో పక్క చెబుతాను. నేను పుణేలో సెంట్రింగ్ పనికి పోయి తాగుడు నేర్చాను. ఊరికి వచ్చాక మూడేళ్లు చాటుగా తాగాను. ఆదివారం పాటలు పాడింది నేనే, తాగింది నేనే. ఒక రాత్రి కూడికలో నిలబడి ఏడుస్తూ అందరి ముందు చెప్పేశాను. ఆ రోజు నుంచి ముట్టలేదు, నాలుగేళ్లు దాటింది. ఒక్కరికే చెప్పి ఉంటే మళ్లీ ఎక్కడో జారేవాడిని. అందరికీ తెలుసు కాబట్టి కల్లు దుకాణం దారిలో కనిపిస్తే మా సంఘం పెద్దమ్మలు నన్ను ఆపి అడుగుతారు. ఆ అడగడమే నన్ను బతికించింది.

అపొస్తలుల కార్యములు 19 చూడండి. ఎఫెసులో నమ్మినవాళ్లు వచ్చి తాము చేసినవి బహిరంగంగా ఒప్పుకున్నారు. మంత్రాల పుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చారు, వాటి వెల 50,000 వెండి రూకలు. సిగ్గు చచ్చినప్పుడే పాపం చస్తుంది, ఇది నేను అనుభవించిన సంగతి. గోలీలు ఆపమని మాత్రం నేను అనను.

ఇంకొకటి. దాచింది ఉందని ఆ దైవజనునికి ఎట్లా తెలిసింది? దేవుడు చూపించకుండా తెలుస్తుందా?

పేరు వద్దు (శనివారం, ఉదయం 11:30)

తమ్ముడూ, నువ్వు తాగుడు గురించి చెప్పావు. మగవాడు తాగుడు మానానంటే చప్పట్లు కొడతారు. ఆడది చెప్పినప్పుడు ఏమవుతుందో నేను చెబుతాను.

పెళ్లికి ముందు నా జీవితంలో జరిగిన ఒక విషయం మనసులో పెట్టుకుని కుమిలిపోయేదాన్ని. నిద్ర లేక బీపీ వచ్చింది. యాకోబు 5:16 నమ్మి, మా సంఘంలో నేను తల్లిలా చూసుకునే ఒకామెకు చెప్పాను. ఆమె చెడ్డది కాదు. నా కోసం నిజంగా ఏడ్చింది. కానీ వారం తిరిగేసరికి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశం అని పెట్టింది. పేరు లేదు. "నల్లబెల్లి దారిలో ఉండే ఒక సహోదరి గత జీవితం గురించి" అని ఉంది. ఆ దారిలో ఉన్నవి రెండే క్రైస్తవ ఇళ్లు. రెండో ఇంట్లో ఉన్నది డెబ్బై ఏళ్ల ముసలమ్మ.

మా ఆయన అడిగాడు. ఆ ఏడాది ఎట్లా గడిచిందో ఇక్కడ రాయలేను. కాపురం నిలబడింది, దేవునికి స్తోత్రం. కానీ ఇప్పటికీ ప్రార్థన అంశాలు చెప్పండి అని ఎవరన్నా అంటే నా చేతులు వణుకుతాయి.

ఒప్పుకోవద్దని నేను అనను. దావీదు 32వ కీర్తనలో మౌనంగా ఉన్నప్పుడు తన ఎముకలు క్షీణించాయని రాశాడు, అది నాకు ఒంటితో తెలుసు. ఎవరికి చెబుతున్నావో ముందు చూసుకో అక్కా. నీ ముందు ఇంకొకరి గుట్టు ఎప్పుడైనా మాట్లాడిందా? మాట్లాడి ఉంటే నీ గుట్టు కూడా ఇంకొకరి ముందు మాట్లాడుతుంది. ప్రార్థన పేరుతో మాట్లాడినా సరే.

నల్గొండ జపమాల (శనివారం, మధ్యాహ్నం 1:10)

పేరు రాయని అక్కా, చదివి కళ్లు తడిశాయి. మేము కతోలికులం, మీ సంఘాల పద్ధతి వేరు, అయినా రాయవచ్చు అనుకుంటున్నాను.

మాకు పాపసంకీర్తనం ఉంది, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు చెప్పుకోవడం. ఫాదర్‌కు చెప్పింది ఫాదర్ ప్రాణం పోయినా బయట పెట్టకూడదు. 1215లో మా సంఘ పెద్దలంతా కూడిన నాలుగవ లాతరాన్ సభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చెయ్యాలని చెప్పింది. అదే చోట, ఆ గుట్టు బయటపెట్టిన గురువును పదవి నుంచి తీసేసి, బతికినంతకాలం పశ్చాత్తాపం చేసేలా మఠంలో పెట్టాలని కూడా రాసింది. ఒప్పుకోమన్న నియమం, నోరు మూసుకోమన్న నియమం ఒకే చోట పుట్టాయి. ఒకటి లేకుండా రెండోది ప్రమాదం.

రోగులకు నూనె పూయడం మాకూ ఉంది. మా నానమ్మ కాలంలో ఫాదర్ నూనె తెచ్చాడంటే ఇక మనిషి పోయినట్టే అని ఏడుపులు మొదలయ్యేవి. అవస్థ అభ్యంగనం అనేవాళ్లు. 1963లో రెండవ వాటికన్ సభ, ఇది చావు ఘడియలో ఉన్నవాళ్లకు మాత్రమే కాదు అని స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు మా అమ్మ ఆపరేషన్‌కు ముందు రోజు పూయించుకుని, తెల్లవారి నవ్వుతూ థియేటర్‌లోకి పోయింది.

దేవరకొండ పెద్ద (శనివారం, రాత్రి 8:20)

జపమాల గారూ, మంచి మాట రాశారు. గురువుకే చెప్పాలన్న చోట నేను మీతో ఏకీభవించను. యాకోబు "ఒకనితోనొకడు" అన్నాడు, విశ్వాసులందరికీ అది ఇచ్చాడు. కానీ మీ దగ్గర నోటికి తాళం ఉంది, మా దగ్గర లేదు. ఇది మా లోటు. సామెతలు 11లో నమ్మకమైనవాడు సంగతి దాచిపెడతాడని ఉంది, దానిమీద నేను ముప్పై ఏళ్లలో ఒక్క ప్రసంగం కూడా వినలేదు. నేనూ చెప్పలేదు.

తమ్ముడూ, నీ సాక్ష్యం నిజం. దేవుడు నిన్ను నిలబెట్టాడు. కానీ నువ్వు నీ అంతట నువ్వు లేచావు. ఎవరూ నీ ఒంట్లో రోగం చూపించి లేపలేదు. ఆ దైవజనునికి ఎట్లా తెలిసింది అన్నావు. దేవుడు చూపిస్తాడు, నేను కాదనను. కానీ ఎవరైనా నన్ను వేలెత్తి చూపి నీలో దాచిన పాపం ఉంది అంటే నాకూ గుండె జారుతుంది, నీకూ జారుతుంది. దేవుడు నాతాను ప్రవక్తకు దావీదు రాజు సంగతి చూపినప్పుడు, చేసిన పని పేరు పెట్టి చెప్పించాడు. అదీ రాజు ఎదుటనే, ఆయనతోనే చెప్పించాడు.

ఇక దండ సంగతి, అమ్మా. పాపం ఎంతవరకు పాకిందో ఒప్పుకోలు అంతవరకు పోవాలి, అంతకు మించి అక్కర్లేదు. మనసులో పుట్టి మనసులో చచ్చింది దేవునికి చెప్పుకో. మనిషికి తగిలింది ఆ మనిషికి చెప్పు. నీ దండ సంఘానికి తగల్లేదు, నీ యారాలికి తగిలింది. సంఘం ముందు నువ్వు నిలబడి ఏడిస్తే అందరూ హల్లెలూయ అంటారు, ఆమె మాత్రం ఊళ్లో దొంగగానే ఉంటుంది. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి, ముందు పోయి సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. దండ తీసుకుని పో.

మర్రిగూడ టీచర్ (ఆదివారం, మధ్యాహ్నం 3:30)

ఆలస్యంగా చూశాను. నేను రాయాల్సింది ఒకటే.

నాకు నలభై ఆరేళ్లు. నా కాళ్లు మోకాళ్ల దగ్గర నుంచి బయటికి వంగి ఉంటాయి. మెడ పూర్తిగా తిరగదు. మా ఊళ్లో నా ఈడు వాళ్లలో నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. నేను చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఎత్తుకుని ఎక్కడ స్వస్థత కూడిక అంటే అక్కడికి తీసుకుపోయేది. ఒకచోట మైకులో అడిగారు, ఈ బిడ్డ పుట్టకముందు నువ్వూ నీ భర్తా ఏం చేశారు అని. మా అమ్మ కూలి మనిషి. ఆలోచించి ఆలోచించి, పెళ్లయిన కొత్తలో పోచమ్మకు కోడిని కోశాం అని చెప్పింది. అందరూ ఆమీన్ అన్నారు. నా కాళ్లు అట్లాగే ఉన్నాయి. మా అమ్మ మాత్రం తన వల్లే నా బతుకు ఇట్లా అయిందనుకుంటూ ముసలిదైపోయింది.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మా మండలంలో బోర్లు దానికి ఎన్నో రెట్లు దాటాయి. ఎదిగే వయసులో ఆ నీళ్లు తాగితే ఎముక పాడవుతుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరు పెట్టి నల్గొండ పద్ధతి అంటారు, అంత పేరుపొందిన కష్టం మాది. కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన మా అన్న మనవళ్లు నిటారుగా పరిగెత్తుతున్నారు. వాళ్ల తల్లిదండ్రులు మా అమ్మకంటే పరిశుద్ధులా?

యోహాను 9లో శిష్యులు అడిగిన ప్రశ్నే ఆ మైకులో అడిగారు. వీడు పాపం చేశాడా, వీని కన్నవారా? ప్రభువు, వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అన్నాడు. ఆ వచనం నేను మా అమ్మకు చదివి వినిపించే నాటికి నాకు ముప్పై ఏళ్లు. చాలాసేపు మాట్లాడలేదు. మళ్లీ చదువు అంది. ఐదారుసార్లు చదివించుకుంది. నా కాళ్లు వంకరగానే ఉన్నాయి. మా అమ్మకు మాత్రం ఆ రోజు స్వస్థత వచ్చింది, అది నా కళ్లతో చూశాను.

చెల్లీ, నువ్వు దండ ఇవ్వు, ఎందుకంటే అది నీది కాదు. గడ్డ పోతుందని ఇవ్వకు. దండ ఇచ్చాక గడ్డ ఇంకో రెండు నెలలు ఉంటే, ఇంకేం దాచాను అని వెతుక్కోవడం మొదలుపెడతావు. మా అమ్మ అట్లాగే వెతుక్కుంది.

కల్వకుర్తి తమ్ముడు (ఆదివారం, సాయంత్రం 6:45)

టీచర్ గారూ, మీ అమ్మగారి మాట చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. మైకులో అట్లా అడగడం తప్పు. నేనూ రెండు మూడు చోట్ల ఆమీన్ అన్నవాళ్లలో ఉన్నాను. క్షమించండి.

కానీ ఒక్క మాట మీద నిలబడతాను. మా సంఘాల్లో దాచడం ఎక్కువైంది. అందరూ బాగున్నాం, దేవుని కృప అంటారు. ఎవరి ఇంట్లో ఏముందో ఎవరికీ తెలియదు. చెప్పుకునే చోటు లేకుండా పోతే, అది కూడా చావే.

పేరు వద్దు (ఆదివారం, రాత్రి 7:20)

ఆ మాట నిజం తమ్ముడూ. అట్లాంటి చోటు ఉండాలనే నేనూ ఏడ్చేది. ఇప్పుడు మేం ముగ్గురం ఆడవాళ్లం బుధవారం మధ్యాహ్నం కలుస్తాం. ఫోన్లు బయట గూట్లో పెట్టి కూర్చుంటాం. రెండేళ్లయింది, ఒక్క మాట బయటికి పోలేదు.

నకిరేకల్ కోడలు (బుధవారం, రాత్రి 9:50)

అందరికీ వందనాలు. సోమవారం డాక్టర్ దగ్గరికి పోయాను. నర్సక్క చెప్పినట్టే చెప్పారు, కొందరికి మధ్యలో ఇట్లా పెరుగుతుందట. చీము ఉందేమో అని సూదితో తీసి పరీక్షకు పంపారు. గోలీలు ఆపొద్దని గట్టిగా చెప్పారు. ఆపలేదు.

నిన్న మా ఆయనకు చెప్పాను. చాలాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. మా వదినెను నేను దొంగ అన్నాను కదా అని ఒక్క మాట అన్నాడు. అన్నం తినలేదు.

ఈ రోజు పొద్దున దండ కొంగులో కట్టుకుని ఒక్కదాన్నే పోయాను. అక్క పత్తి చేనుకు పోవడానికి తయారవుతోంది. ముందు పెట్టి చెప్పాను. నేను అనుకున్నట్టు ఏడవలేదు, తిట్టలేదు. దండ ముట్టుకోలేదు. "నువ్వు చాటుగా వచ్చి చాటుగా ఇచ్చి పోతావు. నన్ను దొంగ అన్నది చాటుగానా? మా అమ్మగారి ఊరి దాకా పోయింది ఆ మాట. అన్న వాళ్లందరి ముందు చెప్పు" అంది. దండ తిరిగి నా చేతిలో పెట్టి తాళం వేసుకుని చేనుకు పోయింది.

పెద్దయ్యా, మీరు రాసింది అప్పుడు గుర్తొచ్చింది. అది ఎంతవరకు పాకిందో నాకు ఈ రోజు వరకు తెలియదు. వచ్చే ఆదివారం అత్తమ్మ జ్ఞాపకార్థ కూడిక ఉంది. బావ, ఆడబిడ్డలు, అక్క పుట్టింటివాళ్లు అందరూ వస్తారు. ఆ రోజు దండ తీసినవాళ్లు ఎవరో వెతికిన ఆ ఇంట్లోనే చెబుతాను. శుక్రవారం కూడికలో నిలబడను. మా పాస్టర్ గారికి ఈ సంగతి చెప్పాను, ఆయన సరే అమ్మా అన్నారు, ఇద్దరు పెద్దలను తీసుకుని శనివారం ఇంటికి వస్తామన్నారు నూనెతో.

టెన్షన్‌గా ఉంది. ఆదివారం పదకొండు గంటలకు ప్రార్థన చెయ్యండి.

దేవరకొండ పెద్ద (గురువారం, ఉదయం 5:40)

చేస్తానమ్మా. ముందు దండ ఆమె చేతికి ఇచ్చి, తర్వాత మాట్లాడు. ఎందుకు తీశావో ఎక్కువ చెప్పకు, అత్తమ్మకు చేసిన సేవ సంగతి అసలు ఎత్తకు. "అక్క తియ్యలేదు, నేను తీశాను" అన్న మాట అందరికీ వినబడేలా చెప్పు. ఆమె ఆ రోజే మాట్లాడుతుందని ఎదురుచూడకు.

పాలమూరు నర్సు (గురువారం, ఉదయం 7:10)

ఆదివారం హడావుడిలో పొద్దుటి గోలీ మరిచిపోకు చెల్లీ. ఏడు గంటలకు నేను ఫోన్ చేసి గుర్తుచేస్తాను, నంబర్ విడిగా పంపు.